ఎసట్లో బియ్యం పోయగానే మెతుకు పట్టి చూస్తే

(2025 నవంబరులో ఒక శనివారం సాయంత్రం, డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో తెలుగు కుటుంబాలు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లల్ని ముందుకు రమ్మనండి. కింద కూర్చున్నా ఫర్వాలేదు. ఇవాళ్టి సంగతి ముందు వాళ్ళది, తర్వాతే మనది.

ఇందాక గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుంటే ఒక బాబు నన్నాపాడు. పదకొండేళ్ళుంటాయేమో, మన డాలస్ బాస్కెట్‌బాల్ జట్టుకి ఈ ఏడు కొత్తగా వచ్చిన కూపర్ ఫ్లాగ్ జెర్సీ వేసుకున్నాడు. "అంకుల్, ఫ్లాగ్ వచ్చాడు కదా. అయితే లూకాని ఇచ్చెయ్యడం మంచిదే అయ్యింది కదా?" అన్నాడు. లూకా అంటే ఈ ఫిబ్రవరిలో మనవాళ్ళు లాస్ ఏంజిలెస్ జట్టుకి ఇచ్చేసిన పెద్ద ఆటగాడు. పక్కనే వాళ్ళ అక్క. "ఫ్లాగ్ ఏం ఆడుతున్నాడని? మొదటి ఆట చూళ్ళేదా?" అంది. చూశారా, ఒక్క నిమిషంలో రెండు తీర్పులు వచ్చేశాయి. నేను మాట్లాడదామనుకున్నది సరిగ్గా దీని గురించే.

బాస్కెట్‌బాల్ చూడని పెద్దవాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. ఎన్‌బీఏలో 30 జట్లు. ఏటా జూన్‌లో కొత్త కుర్రాళ్ళను ఎంచుకుంటారు, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఆ ఏడు బాగా ఓడిన జట్లకు ముందు వరసలో ఎంచుకునే అవకాశం ఎక్కువ, అదీ లాటరీ తీసి. ఆ ఎంచుకునే వంతును పిక్ అంటారు. వంతుల్ని మార్చుకోవచ్చు, వచ్చే ఏటి వంతును కూడా ఇచ్చి పుచ్చుకోవచ్చు. అదే ట్రేడ్. అంతే. మిగతాదంతా మనం సంతలో చేసే బేరమే.

2018 జూన్ 21, బ్రూక్లిన్. మూడో వంతు అట్లాంటా హాక్స్‌ది. వాళ్ళు స్లొవేనియా కుర్రాడు లూకా డాన్చిచ్‌ను ఎంచుకున్నారు. ఐదో వంతు మన డాలస్‌ది. మనవాళ్ళు ఓక్లహోమా యూనివర్సిటీ కుర్రాడు ట్రే యంగ్‌ను ఎంచుకున్నారు. ఆ రాత్రే ఇద్దర్నీ మార్చుకున్నారు. రెండు మెట్లు పైకెక్కినందుకు డాలస్ తన 2019 మొదటి రౌండు పిక్‌ను, అంటే మరుసటి ఏటి డ్రాఫ్ట్‌లో తన తొలి వంతును, కూడా అట్లాంటాకి ఇచ్చింది. ఆ పిక్ మొదటి ఐదింట్లో పడితే మాత్రం డాలస్ దగ్గరే ఉండిపోతుంది. బేరం ఇదీ.

ఇక తీర్పులు ఎప్పుడు మొదలయ్యాయి? పదకొండు రోజులకి! జూలై 2న సాల్ట్ లేక్ సిటీలో సమ్మర్ లీగ్. సమ్మర్ లీగ్ అంటే అసలు ఆటలు కావు, కొత్త కుర్రాళ్ళకు అలవాటయ్యేందుకు పెట్టేవి. ట్రే యంగ్ మొదటి ఆట. 20 షాట్లు వేస్తే 4 పడ్డాయి. దూరం నుంచి వేసే త్రీలు, పడితే మూడు పాయింట్లు వచ్చేవి, 11 వేస్తే ఒక్కటి పడింది. ఒక్కటి! ఎదురు జట్టు మెంఫిస్‌లో జారెన్ జాక్సన్ అని నాలుగో పిక్ కుర్రాడు, పొడుగరి, అదే ఆటలో ఎనిమిది త్రీలు వేసి 29 పాయింట్లు కొట్టాడు. ఇక చూస్కోండి. అట్లాంటా మునిగిపోయిందన్నారు. జాక్సన్‌ని తీసుకోవాల్సిందన్నారు. లూకా అసలు ఆ వేసవి ఒక్క ఆట కూడా ఆడలేదు, అప్పటిదాకా ఆడిన రియల్ మాడ్రిడ్ జట్టుతో ఒప్పందం తెంచుకునే పనిలో ఉన్నాడు. ఆడకుండానే గెలిచేశాడు.

నేను బీమా కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం చేస్తాను. కాబట్టి ఆ పదకొండు షాట్లను నా పద్ధతిలో చూస్తాను. వందకి 35 త్రీలు వేసేవాడున్నాడనుకోండి. మంచి షూటరే. అలాంటివాడు ఒక రోజు 11 వేస్తే, ఒకటి పడడమో అసలేమీ పడకపోవడమో ఎన్నిసార్లు జరుగుతుంది? లెక్క వేస్తే వందకి ఆరుసార్లు. అంటే పదహారు పదిహేడు ఆటలకోసారి. మంచి షూటరుకే! ఆ వేసవిలో బరిలోకి దిగిన కొత్త కుర్రాళ్ళు ఎంతమంది? ఎవడో ఒకడికి ఆ రోజు రావాలి. యంగ్‌కి వచ్చింది, అదీ అందరూ చూస్తున్న రోజున వచ్చింది.

సరే, పదకొండు తక్కువే, వంద చూద్దామంటారా? వంద షాట్లంటే యంగ్ వేసే లెక్కన దాదాపు పదిహేడు ఆటలు. అదే 35 శాతం షూటరు, వంద షాట్లలో కేవలం అదృష్టం వల్ల 26 వెయ్యొచ్చు, 44 వెయ్యొచ్చు. 26 అంటే ఇంటికి పంపించెయ్యాలంటాం. 44 అంటే నెత్తిన పెట్టుకుంటాం. మనిషి మాత్రం ఒక్కడే! చెయ్యి అదే, చూపు అదే. అందుకే అంటున్నాను, కొత్త కుర్రాడి షాట్లు పడ్డాయా లేదా అన్నది మొదటి రెండు నెలల్లో ఏమీ చెప్పదు. ఏమీ చెప్పదంటే... చాలా తక్కువ చెప్తుంది.

మనకో సామెతుంది. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటాం. నిజమే. మా అమ్మ ఎప్పుడూ ఒక్క మెతుకే పట్టి చూసేది. కానీ ఎప్పుడు పట్టుకునేది? ఎసరు మరిగి, బియ్యం పొంగి, గంజి చిక్కబడ్డాక. ఎసట్లో బియ్యం పోసిన నిమిషానికి పట్టుకుంటే ఏ మెతుకైనా పలుకే. ఆ పలుకు చూపించి "ఈ బియ్యం పనికిరావు" అంటే వంటింట్లోంచి తరిమేస్తారు.

ఇప్పుడు అక్టోబరుకి రండి. 2018 అక్టోబరు 17, అసలు లీగు, లూకా మొదటి ఆట, ఫీనిక్స్‌లో. 16 షాట్లకి 5 పడ్డాయి, 10 పాయింట్లు, డాలస్ చిత్తుగా ఓడింది. అక్టోబరు 21న క్లీవ్‌లాండ్‌లో ట్రే యంగ్ మూడో ఆట: 35 పాయింట్లు, 11 అసిస్టులు. అసిస్టంటే తోటివాడు బుట్టలో వేసేలా బంతి అందించడం. జూలైలో మునిగిపోయిందన్న అట్లాంటా అక్టోబరులో తేలింది. నవంబరంతా యంగ్ త్రీలు పడలేదు, మళ్ళీ మునిగింది. ఫిబ్రవరిలో ఆల్‌స్టార్ విరామం అయ్యాక యంగ్ ఆటకి 24.7 పాయింట్లు, 9.2 అసిస్టులు, మళ్ళీ తేలింది. మార్చి 1న షికాగో మీద నాలుగు ఓవర్‌టైములు సాగిన ఆటలో 49 పాయింట్లు, 16 అసిస్టులు. ఏడాది చివర రూకీ ఆఫ్ ద ఇయర్, అంటే మొదటి ఏడాది కుర్రాళ్ళలో మేటికిచ్చే బహుమతి, ఓట్లు లెక్కపెడితే వందలో 98 మొదటి ఓట్లు లూకాకి, 2 యంగ్‌కి. మళ్ళీ మునిగింది! ఇంతకీ ఆ ఏడు త్రీల శాతం ఎంతో తెలుసా? లూకా 32.7. యంగ్ 32.4. ఇంత గోల చేసింది దేని గురించో, అందులో ఇద్దరూ సమానం.

మరయితే మొదటి నెలల్లో చూడాల్సిందేమీ లేదా? ఉంది. చాలా ఉంది. ఒక్క రాత్రి సంగతి చెప్తాను.

2018 డిసెంబరు 8, శనివారం. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్లో, పై అంతస్తు సీట్లలో, నేనూ మా అబ్బాయీ. హ్యూస్టన్‌తో ఆట. ఇంకో మూడు నిమిషాలుందనగా 102–94, మనం ఎనిమిది వెనక. అప్పటిదాకా లూకా ఆట అంతంత మాత్రమే. జనం కోట్లు తొడుక్కుంటున్నారు. అక్కణ్ణుంచి వరసగా పదకొండు పాయింట్లు అతనొక్కడే వేశాడు. 107–104, గెలిచాం. అందరూ చెప్పుకునేది ఆ పదకొండు గురించే. నేను మాత్రం వాటిల్లో ఒక్క షాటు గురించి చెప్తాను.

ఎదురుగా క్లింట్ కపెలా. లూకా కన్నా పొడుగు, చేతులు చాపితే గోడ కట్టినట్టుంటుంది. లూకా పరుగెత్తలేదు. నడిచొచ్చినట్టు వచ్చాడు. బంతిని రెండుసార్లు నేలకు కొట్టాడు, భుజం ముందుకు వేశాడు, లోపలికి దూసుకెళ్ళేవాడిలా. కపెలా బరువు మడమల మీదికి పడింది. అదీ! ఆ క్షణం కోసమే కాచుక్కూర్చున్నాడు. ఎడంకాలు నాటి ఒక్క అంగ వెనక్కి. ఇద్దరి మధ్యా ఒక గుమ్మమంత చోటు తెరుచుకుంది. తాపీగా వేశాడు. పైనుంచి చూస్తే మనకు తెలిసేది అతని వేగం కాదు, ఎదుటివాడి వేగాన్ని అతను నడిపించడం. పందొమ్మిదేళ్ళవాడు! మా అబ్బాయి నా మోచెయ్యి పట్టుకుని గుంజి, "నాన్నా, వాడు కావాలనే నెమ్మదిగా వెళ్తున్నాడు" అన్నాడు.

ఆ షాటు పడకపోయి ఉంటే? నా మాట మారదు. ఎందుకంటే బంతి పడడం ఆ రాత్రిది, ఆ చోటు సంపాదించడం ఆ మనిషిది. అది మర్నాడూ వస్తుంది, వచ్చే ఏడూ వస్తుంది. షాట్లు పడని నవంబరులో యంగ్ని చూసినా అంతే. ముప్పై అడుగుల నుంచి వేస్తాడని ఎదుటివాళ్ళు భయపడి ముందుకొచ్చేవాళ్ళు, వాళ్ళ వెనక్కి బంతి పంపేవాడు. ఏడాదంతా ఆటకి 8.1 అసిస్టులు. కొత్త కుర్రాడిలో నేను చూసేవి ఇవి. తన షాటు తనే సృష్టించుకుంటున్నాడా? బంతి ఎవరికి ఇవ్వాలో ముందే చూస్తున్నాడా? ఎదుటివాళ్ళ చేత ఫౌల్ చేయించుకుని, అడ్డులేకుండా షాటు వేసే ఫ్రీ త్రో గీత దగ్గరికి ఎన్నిసార్లు వెళ్తున్నాడు? తప్పు చేశాక తర్వాతి బంతికి దాక్కుంటున్నాడా, మళ్ళీ అడుగుతున్నాడా? ఇవి తొందరగా తెలుస్తాయి. శాతాలు ఆలస్యంగా తెలుస్తాయి. మనం దీన్ని తిరగేసి చూస్తున్నాం.

ఇంకో సంగతి. ట్రేడ్ అంటే ఇద్దరు కుర్రాళ్ళ మధ్య పరుగు పందెం కాదండీ. అట్లాంటా చేతికి వచ్చింది యంగ్ ఒక్కడే కాదు, ఆ 2019 పిక్ కూడా. ఇక్కడ మెలిక చూడండి. లూకా బాగా ఆడేకొద్దీ డాలస్ గెలుస్తుంది, డాలస్ గెలిచేకొద్దీ ఆ పిక్ వెనక్కి జరుగుతుంది. అంటే తాము వదులుకున్న మనిషి ఎంత గొప్పవాడైతే తమకు వచ్చిన సరుకు అంత తగ్గుతుంది! చివరికి అది పదో పిక్ అయింది, కామ్ రెడిష్ అనే కుర్రాడు వచ్చాడు, 2022 జనవరిలో అతన్ని న్యూయార్క్ పంపేశారు.

ఈ ఒకే ట్రేడ్‌ని వేరే వేరే తేదీల్లో చూడండి. 2019 జూన్: డాలస్ గెలుపు. 2021 జూన్: యంగ్ న్యూయార్క్‌నీ, ఏడో ఆటలో ఫిలడెల్ఫియాని వాళ్ళ సొంత గడ్డ మీద ఓడించి అట్లాంటాని ఈస్ట్ ఫైనల్‌కి, అంటే లీగులో తూర్పు సగం జట్ల ఫైనల్‌కి, తీసుకెళ్ళాడు. అదే ఏడు లూకా ప్లేఆఫ్స్ (సీజను చివర కప్పు కోసం జరిగే పోటీలు) మొదటి రౌండులోనే ఇంటికొచ్చాడు. అప్పుడేమన్నాం? ఇద్దరూ లాభపడ్డారన్నాం. మిల్వాకీతో ఈస్ట్ ఫైనల్ మూడో ఆటలో యంగ్ పాదం రిఫరీ పాదం మీద పడి చీలమండ దగ్గర దెబ్బ తగిలింది, తర్వాతి రెండు ఆటలు ఆడలేదు. ఆ కాలు అక్కడ పడకపోతే? ఆ ఏడు మిల్వాకీ గెలిచిన కప్పు వాళ్ళకే వెళ్ళేదో, అట్లాంటాకి వెళ్ళేదో. 2024 జూన్: లూకా ఆటకి 33.9 పాయింట్లతో లీగులోనే మొదటివాడై డాలస్‌ని ఫైనల్స్‌కి తీసుకెళ్ళాడు, బాస్టన్ చేతిలో ఓడాం. 2025 ఫిబ్రవరి: ఆ లూకానే లాస్ ఏంజిలెస్‌కి ఇచ్చేశారు. ఏ తేదీన ఆగి తీర్పు చెప్తారు?

నా మాట అడుగుతారా? దాచుకోను. డాలస్‌దే మంచి బేరం, అట్లాంటా తప్పు చేసింది. కానీ ఆ తప్పు తెలుసుకోడానికి నాకు రూకీ సీజను అక్కర్లేదు. 2018 జూన్ 21 నాటికే ఏం తెలుసు? లూకా పద్దెనిమిదేళ్ళకి స్లొవేనియా తరఫున యూరప్ కప్పు గెలిచాడు. పందొమ్మిదేళ్ళకి రియల్ మాడ్రిడ్ తరఫున యూరోలీగ్ గెలిచాడు, ఆ లీగులో ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు, కూడా అయ్యాడు. ముప్పై ఏళ్ళవాళ్ళతో, జీతాలకు ఆడేవాళ్ళతో ఆడి! యంగ్ కూడా సామాన్యుడు కాడు. ఒకే ఏడు కాలేజీ బాస్కెట్‌బాల్ మొత్తంలో పాయింట్లలోనూ అసిస్టుల్లోనూ మొదట నిలిచిన మొదటివాడు. కానీ అది కాలేజీలో, ఒక్క ఏడు. ఏది బరువైన సాక్ష్యమో ఆ రాత్రికే తేలిపోయింది. అసలు సాక్ష్యం బల్ల మీద పెట్టుకుని, మనం సమ్మర్ లీగ్ కేసి చూస్తున్నాం.

డాలస్‌వాళ్ళకి ఇది కొత్త కూడా కాదు. 1998 డ్రాఫ్ట్ గుర్తున్నవాళ్ళున్నారా ఇక్కడ? ఒక్కరున్నారు, సంతోషమండీ. ఆరో పిక్ రాబర్ట్ ట్రేలర్‌ని మిల్వాకీకి ఇచ్చి, తొమ్మిదో పిక్ జర్మన్ కుర్రాణ్ణి తెచ్చుకున్నాం. డర్క్ నొవిట్‌స్కీ. మొదటి ఏడు ఎలా ఆడాడు? ఆటకి 8.2 పాయింట్లు. త్రీలు 20.6 శాతం, అంటే ఐదు వేస్తే ఒకటి. డాలస్ 19 గెలిచి 31 ఓడింది. మిల్వాకీ 28 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. ఆ రోజు తీర్పు చెప్తే ఎవరు మోసపోయినట్టు? మనమే! మరుసటి ఏడు అదే డర్క్ 17.5 పాయింట్లు. 2007లో ఎంవీపీ, 2011లో కప్పు. ఇవాళ ఆ స్టేడియం ముందు విగ్రహమై నిలబడ్డాడు.

1996 ఇంకా విచిత్రం. షార్లెట్ పదమూడో పిక్‌గా ఎంచుకున్న పిల్లాణ్ణి లాస్ ఏంజిలెస్ జట్టు లేకర్స్‌కి ఇచ్చి, వ్లాదె దివాచ్‌ని తెచ్చుకుంది. ఆ ఏడు దివాచ్ ఆటకి 12.6 పాయింట్లు, 9 రీబౌండ్లు (పడని షాట్ల బంతుల్ని అందుకోవడం). అంతకు ముందేడు 41 గెలిచిన షార్లెట్ 54 గెలిచింది. ఆ పిల్లాడు 7.6 పాయింట్లు, ప్లేఆఫ్స్ చివరి ఆటలో యూటాలో రింగుకి కూడా తగలని షాట్లు నాలుగు. ఏడాది లెక్క చూస్తే షార్లెట్ బంగారం కొనుక్కుంది. ఆ పిల్లాడి పేరు కోబీ బ్రయంట్.

క్రికెట్ చూసే పెద్దవాళ్ళకి ఒక్క మాట. మన లక్ష్మణ్ మొదటి టెస్టు 1996లో అహ్మదాబాద్‌లో. మొదటి సెంచరీ? 2000 జనవరి, సిడ్నీ, 167. మూడేళ్ళు దాటింది. తర్వాతి ఏడు ఈడెన్‌లో 281.

ఇది ఊరికే మాటల పందెమైతే నేనింత పట్టించుకోను. తొందరపాటు తీర్పుకి ఖర్చుంటుంది. డెన్నిస్ స్మిత్ జూనియర్ గుర్తున్నాడా? 2017లో తొమ్మిదో పిక్, మన డాలస్. మొదటి ఏడు ఆటకి 15.2 పాయింట్లు, ఎగిరి డంకులు. ఈ ఊళ్ళో ఎంతమంది పిల్లలకి ఆ జెర్సీ కొన్నాం! ఇక పదేళ్ళు ఇతనే అనుకున్నాం. 2019 జనవరి 31న న్యూయార్క్ పంపేశారు. ఎందుకు? లూకా మూడు నెలలు అద్భుతంగా ఆడాడు గనక. లూకా గురించి ఆ తీర్పు నిజమే, నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ దాంతో తొందర పుట్టింది. స్మిత్‌తో పాటు రెండు మొదటి రౌండు పిక్‌లు కూడా ఇచ్చి, మోకాలి దెబ్బతో ఉన్న న్యూయార్క్ ఆటగాడు పొర్జింగిస్‌ని తెచ్చారు. మూడేళ్ళు తిరిగేసరికి అతన్నీ వదులుకున్నారు. లూకా పక్కన పెరగాల్సిన కుర్రాళ్ళను ఎంచుకునే వంతులు అలా పోయాయి. 2018లోనే రెండో రౌండులో, 33వ పిక్‌గా, జేలెన్ బ్రన్సన్‌ని ఎంచుకున్నాం. మొదటి ఏడు 9.3 పాయింట్లు, ఎవరూ మాట్లాడలేదు. 2022లో అతను న్యూయార్క్ వెళ్ళిపోయాక మాట్లాడుతున్నాం. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇప్పుడు గుమ్మం దగ్గరి ప్రశ్నకి వస్తాను. బాబూ, ముందు లూకా సంగతి. మా బీమా పనిలో మొదటి వారమే నేర్పేది ఒకటుంది. ఇల్లు చూసి, తీగలు చూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని పాలసీ ఇచ్చాం. మర్నాడు పిడుగు పడి కాలిపోయింది. మనం తప్పు చేశామా? లేదు. ఇంకో ఇల్లు, తీగలు బయటికి వేలాడుతున్నాయి, చూడకుండా పాలసీ ఇచ్చాం, పదేళ్ళు ఏమీ కాలేదు. మనం ఒప్పు చేశామా? అదీ కాదు. లూకాని ఇచ్చేశాక డాలస్‌కి మొదటి పిక్ వచ్చే అవకాశం ఎంత? 1.8 శాతం. వెయ్యి చీటీల్లో పద్దెనిమిది. ఆ చీటీ వచ్చింది, ఫ్లాగ్ వచ్చాడు. ఆ పిల్లాడు మన దగ్గరికి రావడం మన అదృష్టం, నాకు చాలా ఇష్టం అతనంటే. కానీ చీటీ తగిలింది కదా అని ఇల్లు అమ్మడం తెలివైన పని అయిపోదు. ఫ్లాగ్ రేపు నలభై కొట్టినా లూకా ట్రేడ్ మీద నా మాట మారదు. ఎల్లుండి నాలుగే కొట్టినా మారదు.

ఇక అమ్మా, నీ మాట. మొదటి ఆట చూళ్ళేదా అన్నావు. చూశాను. అక్టోబరు 22, శాన్ ఆంటోనియోతో. చిత్తుగా ఓడాం. ఫ్లాగ్ 10 పాయింట్లు. ఇందాక ఫీనిక్స్‌లో లూకా మొదటి ఆట చెప్పాను, గుర్తుందా? అది కూడా 10.

దీన్నిబట్టి ఫ్లాగ్ లూకా అవుతాడని నేననడం లేదు. అవ్వకపోవచ్చు. ఇంకా పద్దెనిమిది నిండి పంతొమ్మిది రాలేదు, అలవాటు లేని పాయింట్ గార్డు పని, అంటే బంతి పట్టుకుని ఆట నడిపే పని, నెత్తిన పెట్టారు. ఈసారి మీరిద్దరూ ఆటకి వెళ్ళినప్పుడు ఒక పని చెయ్యండి. పది నిమిషాలు బంతిని చూడకండి, ఫ్లాగ్‌నే చూడండి. బంతి చేతికి రాకముందు తల ఎటు తిప్పుతున్నాడు? షాటు పోయాక వెనక్కి పరుగెత్తేది ఎన్నోవాడుగా? ఎదుటివాడి బరువు మడమల మీద పడ్డప్పుడు అతనికి తెలుస్తోందా? నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి. మా అబ్బాయి 2018లో రాసుకున్న పుస్తకం ఇంకా మా ఇంట్లో ఉంది, కావాలంటే తెచ్చి చూపిస్తాను.

ఇప్పుడు ప్రశ్నలు అడగొచ్చు. మైకు ముందు ఆ అక్కకివ్వండి, ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉంది.